వదినను వెతికిన వేసవి

గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో నీళ్లు వదిలే వేళకు ఇంటింటి నుంచీ బిందెలు పట్టుకుని బయటికి ఉరుకుతాం. ఒక వేసవి మొదట్లో అట్లా ఉరుకుతూ నేను వెనక గుమ్మం మెట్టు మీద జారి పడ్డాను. కుడి చీలమండ దగ్గర ఎముక చిట్లింది. ఆసుపత్రిలో మోకాలి దాకా కట్టు వేసి, నెలన్నర పాటు ఆ కాలు నేలకు ఆనించవద్దన్నారు.

నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. మా ఆయన గూడ్సు బండి గార్డు. ఇంట్లోంచి బయల్దేరేది ఎప్పుడో తెలుస్తుంది గానీ తిరిగి వచ్చేది ఎప్పుడో ఆయనకే తెలియదు. మా పాప బెంగళూరులో నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉంటుంది. నాకు అన్నం పెట్టేవాళ్లు ఒకరు కావాలి. ధర్మవరంలో మా అమ్మకే మోకాళ్ల నొప్పులు. ఆయన నన్ను అడగకుండానే కుందుర్పి దగ్గర పల్లెలో ఉండే తన అక్కకు ఫోను చేశాడు.

ఆమె వస్తుందని తెలిసినప్పుడు నాకు సంతోషం కలగలేదు, భయమూ కలగలేదు. ఆసుపత్రిలో పక్క మంచం మీద ఎవరు పడుకుంటారో మన చేతిలో ఉండదు కదా, అట్లా అనుకున్నాను.

మా పెళ్లి పెద్దలకు ఇష్టం లేకుండా జరిగింది. మాది గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసే ఇల్లు, వాళ్లది భూములున్న ఇల్లు. గుత్తిలో డిగ్రీ చదివేటప్పుడు మేమిద్దరం పరిచయమయ్యాం. పెళ్లి మాట్లాడటానికి మా మేనమామ వాళ్లింటికి పోయినప్పుడు, అందరి ముందరా ఈ వదినే అన్నదట, "మగ్గం గుంతలోంచి లేచొచ్చిన పిల్ల మా గడప తొక్కేకి ల్యా" అని. మా మామ ఆ మాటను అక్షరం పోకుండా తెచ్చి మా నట్టింట్లో చెప్పినాడు. ఎట్లాగో పెళ్లి జరిగింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఆమె శుభకార్యాలకు మా ఇంటికి వచ్చేది, అన్నం తినేది, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేది. నేను ఆమెను "మీరు" అనేదాన్ని. మా వైపు ఆడపడుచును ఎవరూ మీరు అనరు. అది మర్యాద కాదని ఇద్దరికీ తెలుసు.

ఆమె ఒక మూటలో రాగిపిండీ, ఇంకో మూటలో చెనిక్కాయలూ తెచ్చుకుని వచ్చింది. అరవై దగ్గర పడిన మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. సేద్యం తనే చేయిస్తుంది. వచ్చీ రాగానే వెనక గుమ్మం దగ్గరికి పోయి మెట్టు చూసింది.

"ఈ మెట్టు మిందనా పడింది?"

"అవునండీ."

"దీని మింద పసిబిడ్డ కూడా పడదు గదా" అని లోపలికి పోయి పొయ్యి వెలిగించింది.

రెండు మూడు రోజుల్లో ఇల్లు నా చేతిలోంచి పోయింది. ఉప్పు డబ్బా పొయ్యికి కుడి పక్కకు మారింది. చేటలు గోడకు ఎక్కాయి. ఇల్లు ఊడ్చి నేను తొట్టి కింద పడేసే పొరక వంటింటి తలుపు మూలకు వెళ్లి నిటారుగా నిలబడింది. నేను హాల్లో మంచం మీద పడుకుని, కట్టు వేసిన కాలును దిండు మీద పెట్టుకుని, ఆ చప్పుళ్లు వింటూ ఉండేదాన్ని. మధ్యాహ్నం రాగి సంగటీ, చెనిక్కాయల పచ్చడి ఊరుబిండీ తెచ్చి ముందర పెట్టేది. "తిను" అనేది. తినేదాన్ని. సాయంత్రం దాకా ఇంకో మాట ఉండేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పాప ఫోను చేసింది.

"ఏం చేస్తాండావమ్మా?"

"పండుకోనుండా."

"అత్త ఏమంటాండాది?"

"ఏమీ అనల్యా."

నా గొంతులో ఏం వినిపించిందో గానీ, ఆ పూటే నా ఫోనులో ఒక ఆట దించుకోమని దగ్గరుండి చెప్పింది. దాగుడుమూతలే. ఒక ఇల్లో, గోదామో, బడో తెర మీద కనిపిస్తుంది. దాక్కునేవాళ్లు మనుషులుగా ఉండరు. ఆ ఇంట్లోని ఏదో ఒక వస్తువుగా మారిపోతారు, కుర్చీ గానీ బకెట్టు గానీ పూలకుండీ గానీ. వెతికేవాళ్ల చేతిలో ఒక కట్టె ఉంటుంది. అనుమానం వచ్చిన వస్తువును కొట్టాలి. మనిషైతే బయటపడతాడు. ఉత్త వస్తువైతే కొట్టినవాళ్ల బలం కొంత తగ్గిపోతుంది. బలం అయిపోతే ఓడిపోయినట్టే.

"నువ్వే దొంగ అమ్మా" అన్నది పాప. వెతికేవాళ్లను మనం దొంగ అనే అంటాం. హాస్టలు పిల్లలెవరికీ దొంగగా ఉండటం ఇష్టం లేదట. దాక్కుని నవ్వుకోవడంలోనే సరదా అంతా ఉందట. నాకు ఏదైనా ఒకటే కాబట్టి ఒప్పుకున్నాను.

మొదటి ఆటలో కనిపించినదాన్నల్లా కొట్టాను. టేబుల్నూ కొట్టాను, దాని మీది కూజానూ కొట్టాను. నా బలం క్షణాల్లో అయిపోయింది. పాప పడీ పడీ నవ్వింది. రెండో ఆట కూడా అంతే. మూడో ఆటకు నేను కట్టె ఎత్తడం మానేశాను.

లెక్క తెలియకపోతే ముందు ప్రశ్నను రెండుసార్లు చదవమని పిల్లలకు చెబుతాను. అదే నేను చేయడం మొదలుపెట్టాను. గదిలోకి పోగానే వాకిట్లోనే నిలబడి, ఏమీ కొట్టకుండా, మొత్తం ఒకసారి చూసేదాన్ని. తర్వాత బయటికి వెళ్లి, కొంచెం ఆగి, మళ్లీ అదే వాకిట్లోకి వచ్చేదాన్ని. దొంగ వెళ్లిపోయిందనుకున్న పిల్లలు ఆగలేరు. మెల్లగా జరుగుతారు. ఇందాక గోడను ఆనుకుని ఉన్న స్టూలు ఇప్పుడు జానెడు దూరంలో ఉంటుంది. అప్పుడు కొట్టాలి.

నీడ చూడాలని కూడా తెలిసింది. నిజం వస్తువులకు నేల మీద నీడ ఉంటుంది. మనుషులు మారిన వస్తువులు నేలకు ఒక వెంట్రుకవాసి పైన ఉంటాయి, నీడ సరిగా పడదు. అప్పుడప్పుడూ దాక్కున్నవాళ్ల దగ్గర నుంచి ఈల ఒకటి వినిపిస్తుంది. అది వాళ్లు ఆపాలన్నా ఆగదు. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఏ పక్క నుంచి వస్తోందో తెలుస్తుంది. కొత్తవాళ్లు దూరంగా మూలల్లోకి పరుగెత్తి దాక్కుంటారు. ఆట తెలిసినవాళ్లు దొంగ బయల్దేరే చోటుకు పక్కనే ఉంటారు, దొంగ తన కాళ్ల దగ్గర చూసుకోకుండా ముందుకు ఉరుకుతుంది కాబట్టి. అందుకని నేను మొదట నా చుట్టూ చూసి తర్వాతే కదిలేదాన్ని.

వీటన్నిటికంటే పనికొచ్చినది ఒకటుంది. ఎవరు ఆడుతున్నారో తెలిస్తే సగం వెతకనక్కర్లేదు. మా పాప ఎప్పుడూ పెద్ద వస్తువే అయ్యేది, బీరువా గానీ మంచం గానీ. చిన్నప్పుడు కూడా దుప్పటి కప్పుకుని గది మధ్యలో నిలబడేది. మా ఆయన కూడా రన్నింగ్ రూములో, అంటే డ్యూటీకీ డ్యూటీకీ మధ్య గార్డులు పడుకునే చోట, తీరిక దొరికితే ఆటలోకి వచ్చేవాడు. ఆయన ఏ వస్తువైనా సరే వరుసలో చివరిది అయ్యేవాడు. నేను ప్రతిసారీ చివరిదాన్నే కొట్టేదాన్ని.

"నీకెట్ల తెలుస్తాంది మే?" అని అడిగేవాడు.

"బండికి చివర కూచోని కూచోని నీకు అదే అలవాటైంది" అనేదాన్ని.

వదిన ఇదంతా చూస్తూనే ఉంది. ఒక రోజు చేటలో చెనిక్కాయలు పోసుకుని నా మంచం పక్కన కూర్చుంది. చేతులు కాయలు ఒలుస్తున్నాయి, కళ్లు నా ఫోను మీద ఉన్నాయి.

"కట్టె తీస్కోని కుర్చీలను కొడతాండావు. ఏమి ఆట ఇది?"

చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"అయితే దాంకొన్నోళ్లు కదలకుండా ఉంటే దొరకరు గదా."

"కదలకుండా ఎవురూ ఉండలేరండీ."

మరుసటి ఆదివారం ఆమె తన ఫోను తెచ్చి నా మంచం మీద పెట్టింది. వానల కబురూ, కాయల ధరా చూసుకోవడానికి ఆ ఫోనును వాడేది. "దీంట్లో కూడా పెట్టు" అన్నది.

ఆడుతూ ఫోన్లలోనే మాట్లాడుకుంటాం, ఒకే ఇంట్లో రెండు ఫోన్లు కాబట్టి ఆ మాటలు మారుమోగకుండా ఆమె వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకునేది. నేను హాల్లో. ఆ రోజు ఆటలో పాపా, మా ఆయనా కూడా ఉన్నారు. ఇద్దరినీ తొందరగానే పట్టేశాను. వదిన దొరకలేదు. వాకిట్లో నిలబడి చూశాను. పోయి వచ్చాను. నీడలు చూశాను. ఈల వినిపించింది గానీ అటు పోయేసరికి అన్నీ మామూలుగానే ఉన్నాయి. సమయం అయిపోయింది.

"యాడుండావత్తా?" అని పాప అరిచింది.

"ఆడనే ఉంటి" అన్నది వదిన వంటింట్లోంచి. అది తలుపు అవతల నుంచీ, ఫోనులోంచీ రెండుసార్లు వినిపించింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ ఇదే తంతు. వారం మధ్యలో కూడా మధ్యాహ్నం అంట్లు కడిగాక తనే ఫోను తీసుకుని వచ్చేది. ఆమె కదలదు. దొంగ పక్కనే వచ్చి నిలబడితే గుండె అదిరి జరిగిపోవడం ఆమెలో లేదు. ఒక్కోసారి నేను ఆట ఆపేసి వంటింటి వైపు చెవి పెట్టి విన్నాను. గాజుల చప్పుడైనా వస్తుందేమో అని. అది కూడా రాలేదు. వాన కోసం చూసే మనిషికి ఇది ఒక లెక్కా అని మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. దొరకని ఒక్క మనిషి కోసం నేను రోజంతా ఆలోచిస్తున్నానని గమనించి నాకే వింతగా అనిపించింది. ఆమె మా ఇంట్లో ఉన్న అన్ని రోజులూ నేను ఆమె వైపు సరిగా చూసిందే లేదు.

అప్పటి నుంచి ఫోనులో వెతకడం కంటే ఇంట్లో ఆమెను చూడటం ఎక్కువైంది. ఆమె పొద్దున లేచి ముందు ఏం చేస్తుంది, ఏ పాత్ర ఎక్కడ బోర్లిస్తుంది, నడిచే దారిలో చెప్పులు అడ్డంగా ఉంటే ఏం చేస్తుంది. ఆగేది, వంగేది, జత చేసి గోడ పక్కన పెట్టి పోయేది. ప్రతిసారీ.

ఆటలో ఒక ఇల్లుంది, మేం ఎక్కువగా ఆడేది అందులోనే. ఎవరో తొందరగా వదిలేసి పోయినట్టు చిందరవందరగా ఉంటుంది. కుర్చీలు పడి ఉంటాయి, బకెట్టు మెట్ల మీద ఉంటుంది. నేను ఎప్పుడూ ఉండాల్సిన చోట లేని వస్తువు కోసం వెతికేదాన్ని. పిల్లలు అట్లాంటి చోట్లలోనే దొరికేవాళ్లు. ఒక రోజు ఆ ఇంటి వంటగది వాకిట్లో నిలబడి చూస్తున్నాను. తలుపు మూలన ఒక పొరక నిటారుగా నిలబడి ఉంది. అంతకుముందు చాలాసార్లు దాని పక్క నుంచే పోయాను. అది ఉండాల్సిన చోటే ఉంది కాబట్టి కన్ను ఆగలేదు. కానీ ఈ ఇంట్లో ఏదీ ఉండాల్సిన చోట ఉండదు. ఈ ఇంటి పొరక రోజూ గది మధ్యలో అడ్డంగా పడి ఉంటుంది.

కట్టె ఎత్తి కొట్టాను. పొరక పోయి మనిషి బయటపడింది.

"వదినా! దొరికినావు!" అని గట్టిగా అరిచాను. కాలు సంగతి మరచి సగం లేచాను కూడా.

వంటింటి తలుపు తెరుచుకుంది. వదిన ఫోను చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఓడిపోయినందుకు ముఖం చిన్నబోయింది.

"ఎట్ల కనుక్కొంటివి?"

"పొరక తలుపు మూల నిలబెట్టినావు. ఆ ఇంట్లో పొరక నట్టింట్లో గదా ఉండేది."

"నట్టింట్లో పొరక ఉంటే ఎట్ల మే? కాళ్లకు అడ్డం పడదా?" అన్నది.

ఇద్దరం నవ్వాం. సాయంత్రం కాఫీ తెచ్చినప్పుడు నేను మళ్లీ "మీరు తాగినారా?" అని అడిగాను. ఆమె గ్లాసు నా చేతికిచ్చి, "ఇందాక 'నువ్వు' అంటివి గదా, అదే బాగుండాది" అన్నది. నాకు నోరు తిరగడానికి కొన్నాళ్లు పట్టింది.

కట్టు విప్పే వారంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆట లేదు. వంటకు మిగిలిన చెనిక్కాయలు ఇద్దరం కూర్చుని ఒలుస్తున్నాం. ఆమె తల ఎత్తకుండానే అడిగింది.

"మగ్గం గుంత మాట నీకు చెప్పినారా?"

"చెప్పినారు."

"మర్చిపోయింటావనుకొంటి."

"మర్చిపోలేదు."

"ఊ" అని ఇంకో గుప్పెడు కాయలు ఒలిచింది. తర్వాత చెప్పింది. "ఆ పొద్దు మా నాయన కత్తి మాదిరుండె. మీ మామ వచ్చి కూచోంగానే లేచి తలుపేస్తాడని నాకు తెలుసు. మా నాయన సంగతేమంటే, ఆయన కంటే ఎక్కువ మాట ఇంగొకరు అంటే ఆయన తగ్గుతాడు. ఎనకేసుకోనొస్తాడు. అందుకని నేనే ముందు అంటి. ఎంత మాట నోటికొస్తే అంత మాట అంటి. ఆయన నన్ను చూసి, 'ఏందమ్మా అది, ఇంటికొచ్చిన మనిషిని, పిల్లేం చేసింది' అనె. ఆడికి పెండ్లి చెడిపోకుండా నిలబడె."

నేను ఆమె ముఖం చూశాను. అందులో ఏమీ తెలియలేదు.

"మళ్లా ఇన్నేండ్లు నాతో ఎందుకు చెప్పల్యా?"

"నువ్వు మీరు మీరు అంటాంటివి. ఏమని చెప్పల్ల?"

నేను కాయలు ఒలిచాను. ఆమె చెప్పింది నిజమో, ఇన్నేళ్ల తర్వాత అట్లా జరిగిందని ఆమె నమ్ముతోందో నాకు తెలియలేదు. మా మామ తెచ్చిన మాటలో వాళ్ల నాయన అడ్డం పడ్డ సంగతి లేదు. మా మామకు కోపం వచ్చి చివరి మాట వినకుండా లేచిపోయి ఉండవచ్చు. లేకపోతే వాళ్ల నాయన ఆ మాటే అని ఉండకపోవచ్చు. ఇప్పుడు అడగడానికి మా మామా లేడు, వాళ్ల నాయనా లేడు.

రెండు రోజులకు మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. స్నానం చేసి అన్నానికి కూర్చున్నప్పుడు అడిగాను. ఆయన ముద్ద కలుపుతూ విన్నాడు.

"ఏమో. ఆ పొద్దు నేను ఇంట్లో ల్యా. గుత్తిలో నీ దగ్గర ఉంటి గదా" అన్నాడు. రెండు ముద్దలు తిని, "అక్క అట్ల చేసే మనిషే" అన్నాడు. ఇంకో ముద్ద కలిపి, "అట్ల అనే మనిషి కూడా" అన్నాడు.

ఆ విషయం అంతటితో వదిలేశాను. కోపం పోయిందా అంటే చెప్పలేను. అంతకుముందు మాదిరి దాన్ని రోజూ తీసి చూసుకోవడం మాత్రం మానేశాను.

కట్టు విప్పాక కాలు సన్నబడి, తెల్లగా, నాది కానట్టు ఉంది. గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాను. జూన్‌లో ఒక సాయంత్రం కుందుర్పి వైపు వాన పడిందని వాళ్ల ఊరి నుంచి ఫోను వచ్చింది. వదిన ఆ మాట విన్న చోటనే లేచి నిలబడింది. తెల్లవారి మొదటి బస్సుకు పోతానన్నది. పొద్దున నేను గోడ పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిచాను. ఆమె వెనక్కి తిరిగి మెట్టు చూపించి, "ఈ మెట్టు మిందన్నా చూసుకోని దిగు" అన్నది. ఆటో ఎక్కి పోయింది.

బడి తెరిచారు. నేను కర్ర పట్టుకుని పోయి కూర్చునే పాఠాలు చెప్పాను. ఆట తగ్గిపోయింది. ఒకటి రెండుసార్లు ముక్కూ ముఖం తెలియని వాళ్లతో ఆడి చూశాను. నీడలు చూసి, ఈలలు విని, కొందరిని పట్టుకున్నాను. దొరికినవాళ్లు ఎవరో తెలియదు కాబట్టి దొరికాక చేయడానికి ఏమీ ఉండేది కాదు.

విత్తనం వేశాక ఒక ఆదివారం వదినే ఫోను చేసింది. చేలో మోటారు షెడ్డు దగ్గర నిలబడితే సిగ్నలు బాగుంటుందట.

"పాపను కూడా పిలువు. ఈపొద్దు నేను దొంగ" అన్నది.

"నీకెందుకు వదినా, దాంకో. నువ్వు బాగా దాంకొంటావు."

"ఎన్నాళ్లు దాంకొనేది? నాకూ కొట్టల్లనుండాది."

అదే చిందరవందర ఇల్లు. పాప ఎప్పటి లాగే పెద్ద వస్తువేదో అయి ఉంటుంది. నేను వాకిలికి పక్కన, దొంగ బయల్దేరే చోటుకు దగ్గరలోనే, నీళ్ల పీపానయ్యాను. వదిన బయల్దేరింది. వాకిట్లో నిలబడి చూడటం గానీ, పోయి రావడం గానీ ఏమీ లేదు. కనిపించినదాన్నల్లా కొట్టుకుంటూ పోయింది.

"ఇది నువ్వేనా మే? కాదా? మల్ల ఇది? ఇది కూడా కాదా? ఏమప్పా, ఒగటీ పలకదు!"

"అత్తా, అట్ల కొట్టొద్దు, బలం పోతాది" అని పాప అరుస్తోంది. నవ్వి నవ్వి దాని గొంతు పీలగా వస్తోంది. వదిన బలం అయిపోయింది. ఫోను మంచిది కాదన్నది. మళ్లీ పెట్టించింది. మళ్లీ ఓడిపోయింది. మూడోసారి నవ్వు ఆపుకోలేక పాప కదిలి దొరికిపోయింది. వదిన సంతోషంతో ఏదో కేక వేసింది, సిగ్నలు తెగి అది మాకు సగమే వినిపించింది.

నాలుగో ఆట మధ్యలో చేలోంచి ఎవరో ఆమెను గట్టిగా పిలవడం వినిపించింది. "వస్తాండా, వస్తాండా" అన్నది వదిన. ఫోను ఎక్కడో పెట్టేసి పోయినట్టుంది. మోటారు చప్పుడు మాత్రం వస్తోంది. తెర మీద ఆమె బొమ్మ కట్టె పట్టుకుని వాకిట్లో అట్లే నిలబడింది.

"అత్త పోయినట్లుండాది" అన్నది పాప. "నేను పొయ్యి బట్టలు ఉతుక్కోవల్ల. ఆపేద్దామామ్మా?"

"నువ్వు పోమ్మా" అన్నాను.

పొయ్యి మీద పప్పు ఉడకడానికి ఇంకా టైముంది. ఆట సమయం అయిపోయేదాకా నేను వదిన బొమ్మ పక్కనే, కదలకుండా, ఆ పీపాగానే ఉన్నాను.